తాళం వేసింది నేనే, చెవి మాత్రం విశాఖలో

"డిక్రిప్షన్ ఫెయిల్డ్: నో సీక్రెట్ కీ." మూడుసార్లు కొట్టాను. మూడుసార్లూ అదే మాట.

ఫైలు మా తాతగారి భూమి పట్టా, ఒడియాలో ఉన్న పాత కాగితం. విశాఖలో ఉన్న బావకి పంపాలి. "మామూలుగా వద్దు, నా పబ్లిక్ కీతో జీపీజీలో ఎన్‌క్రిప్ట్ చేసి పంపు" అన్నాడు. జీపీజీ అంటే ఫైళ్లకి తాళం వేసే ప్రోగ్రాం. పొద్దున్నే ఫోన్లో ఆయన కీ ఫింగర్‌ప్రింట్, అంటే ఆ కీని గుర్తుపట్టే కోడ్, సరిచూసుకున్నాం. నాలుగేసి చొప్పున పది గుంపులు, మొత్తం 40 అక్షరాలు, అంకెలు. నేను పైకి చదువుతుంటే వంటింట్లోంచి అమ్మ, "ఏట్రా, లాటరీ తగిలిందేటి?"

తర్వాత టెర్మినల్లో ఒక్క లైను కమాండ్, అంతే. మెయిల్ వెళ్లిపోయింది. నేనేదో మహా జాగ్రత్తపరుడిలా అసలు స్కాన్ డిలీట్ చేశాను. సాయంత్రం పట్టాలో ఖాతా నంబరు చూద్దామని ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలు తెరిస్తే ఇదీ సంగతి.

ఫోన్ చేస్తే బావ ఒకటే నవ్వు. పబ్లిక్ కీ అంటే నొక్కితే పడిపోయే తాళంకప్ప లాంటిదట. ఎవరైనా వేయొచ్చు. తీయడం మాత్రం సీక్రెట్ కీ ఉన్నవాడి వల్లే అవుతుంది, వేసినవాడి వల్ల కూడా కాదు. కమాండ్‌లో ఆయన పేరుతో పాటు నా పేరూ ఇచ్చి ఉంటే ఇద్దరికీ తెరుచుకునేదట. ఆ ముక్క పొద్దున్నే చెప్పొచ్చుగా బావా!

"నీ పబ్లిక్ కీ పంపు, నేనే తిరిగి పంపుతా" అన్నాడు. నాకు కీ ఎక్కడుంది? ఇంకా తయారే చేసుకోలేదు.

ఆదివారం కదా, పర్లాకిమిడిలో మా వీధి స్కాన్ షాపు కూడా మూసేశారు. అమ్మ కొంగున ముడేసిన చెవి తీసి, ట్రంకుపెట్టె తెరుస్తోంది.