దుబాయ్ ఎంత దూరమో అమ్మ గడియారం చెప్పింది

మా అన్న దుబాయ్ పోయి పదకొండేండ్లయింది, అమ్మ మాత్రం అక్కడికి ఒక్కసారి కూడ పోలేదు. పోయిన జనవరిలో ఎట్లనో ఒప్పించి తీస్కపోయిన. టికెట్ చూపిస్తే పొద్దున 10:10కి శంషాబాద్, మధ్యాహ్నం 12:30కి దుబాయ్ అని ఉంది. అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టి "రెండు గంటల ఇరవై నిమిషాలేనా? గింత దగ్గర ఉండి వాడు మూడేండ్లకోసారి వస్తడా!" అని అన్న మీద ఇంతెత్తున లేచింది.

అట్ల కాదమ్మా, వాళ్ల టైం మనకంటే గంటన్నర వెనక ఉంటది, అసలు ప్రయాణం 3 గంటల 50 నిమిషాలు అని చెప్పిన, ఎక్కలే. పైగా అక్కడ దిగినంక కూడ గడియారం మార్చనని మొండికేసింది. అది నాయిన కొనిచ్చిన కీ ఇచ్చే హెచ్ఎంటీ, రోజూ పొద్దున పళ్లు తోముకున్నంక ఇరవై సార్లు తిప్పుతది. "ఇది జగిత్యాల టైమే జూపియ్యాలె" అన్నది.

రాత్రి ఒంటిగంటకు కారెక్కితే సిద్దిపేటల చాయ్ తాగి, శామీర్‌పేట కాడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఎయిర్‌పోర్టుకు వచ్చేసరికి ఆరు. కౌంటర్ల బ్యాగు రెండు కిలోలు ఎక్కువొచ్చింది, అన్నీ సకినాలే, తీసి చేతి సంచిల కుక్కినం.

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి గీత గీసినట్టు పోతే దాదాపు 2,550 కిలోమీటర్లు. ముంబై దాటినంక అంతా అరేబియా సముద్రమే, అమ్మ కిటికీకి ముక్కు ఆనించి ఓడలు వెతికింది, ఒక్కటీ కనపడలే. నా ముందటి స్క్రీన్ మీద స్పీడ్ చూస్తే గంటకు 760 కిలోమీటర్లు దాటుతలేదు, ఎందుకంటే చలికాలంల ఆ ఎత్తుల గాలి పడమర నుంచి తూర్పుకు గట్టిగ వీస్తది, మనం దానికి ఎదురు పోతున్నం. అమ్మ గడియారంల 10:25కి లేచినం, 2:05కి దిగినం. అంటే గాల్లో 3 గంటల 40 నిమిషాలు, ఫోన్ ఏమో 12:35 చూపిస్తుంది.

వచ్చేటప్పుడు టికెట్ల రాత్రి 10 నుంచి తెల్లారి 3:05. అమ్మకు మళ్ల అనుమానం, "పోయేటప్పుడు రెండు గంటల చిల్లర, వచ్చేటప్పుడు ఐదా? దారి తప్పుతడా వీడు?" అని. తీరా చూస్తే ఉల్టా అయింది, అదే గాలి ఇప్పుడు వెనక నుంచి తోస్తుంది, స్క్రీన్ మీద 950 పైననే. అమ్మ నిద్రపోకుండ గడియారమే చూస్కుంట కూసుంది, 11:40కి లేచిన ఫ్లైట్ 2:45కి దిగింది, 3 గంటల 5 నిమిషాలు. కాగితం మీద ఎక్కువ కనపడ్డదే అసలు తక్కువ, నాకే నవ్వొచ్చింది.

సామాను తీస్కొని బయటపడి, రాజీవ్ రహదారి మీద మంచుల మెల్లగ వచ్చి ఇంటికి చేరేసరికి తొమ్మిది దాటింది. చెప్పులు ఇప్పంగనే అన్న ఫోన్.

"చేరిన్రా అమ్మా?"

"చేరినం గని, మూడు గంటలే గదరా నువ్వొచ్చేది, ఉగాదికి రాకపోతే చూడు."