నువ్వు గూడ గట్లనే అడుగుతవా, బిడ్డా?

"కొడుతడా అని అడుగుతున్నవా నా బిడ్డను? తెల్లోళ్ళంటే తెల్వక అడుగుతరు. నువ్వు మనోళ్ళ పిల్లవయ్యుండి గివేం మాటలు?"

బిడ్డ కాన్పు కోసం హుజూరాబాద్ వైపు నుంచి ఇంగ్లండ్‌కు వచ్చిన ఒక పెద్దమ్మ నన్ను అన్న మాటలివి. (వివరాలు కొన్ని మార్చాను, ఎవరో అని వెతుక్కోవద్దు.) అల్లుడు షిఫ్టుకు పోయాడు, ఈమె పసిదానికి నీళ్ళు పోయడానికి బాత్రూంలోకి వెళ్ళింది, ఇదే సందు అని నేను తల్లిని మెల్లగా అడిగాను, ఇంట్లో భయంగా ఏమైనా ఉంటోందా చెల్లె అని. ఇక్కడి ఫ్లాట్లలో గోడ అంటే అట్టముక్క. పైగా తెలుగులో అడిగాను కదా, అదే ఇంగ్లిష్‌లో అడిగి ఉంటే ఆమెకు వినబడినా గొడవ ఉండేది కాదు. టవల్‌లో చుట్టిన పసిదాన్ని ఎత్తుకుని బయటికొచ్చి, సోఫా పక్కన కింద కూచుని, కాళ్ళు చాపి దాన్ని పండబెట్టుకుని ఒళ్ళు తుడుస్తూనే నన్ను కడిగేసింది. తిడుతున్నంత సేపూ ఆ చెయ్యి మాత్రం ఎంత మెత్తగా ఆడిందో. మెడ మడతలు, చంకలు, చెవి వెనక, ఒక్క చుక్క తడి వదల్లేదు. "అందరినీ అడుగుతం పెద్దమ్మా, రూలు" అన్నాను. నిజమే, కానీ ఆమెకు అది జవాబు కాదు.

నేను ఇంగ్లండ్‌లో హెల్త్ విజిటర్‌ని. హన్మకొండలో నర్సింగ్ చదివి, ఇక్కడ వార్డుల్లో పనిచేసి, తర్వాత ఏడాది కోర్సు చేసి ఇందులోకి వచ్చాను. బిడ్డ పుట్టిన ప్రతి ఇంటికీ వెళ్ళాలి, డబ్బున్నవాళ్ళా లేనివాళ్ళా అని లేదు. కడుపుతో ఉన్నప్పుడు ఒకసారి, పుట్టాక పది పద్నాలుగు రోజులకు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, ఏడాదికి దగ్గర పడ్డాక, రెండేళ్ళు దాటాక. బరువు, పాలు, నిద్ర సరే. తల్లి మనసు ఎలా ఉంది, తండ్రికి కోపం వస్తే ఏం చేస్తాడు, అదీ మా పనే.

నన్ను కొరుకుతున్న సంగతి వేరే. మా టీమ్‌లో ఒక ఇంగ్లిష్ ఆవిడ ఉంది. అదే ఫారం, అవే ప్రశ్నలు. మన ఇళ్ళలో ఆమెకు చాయ్, బిస్కెట్లు పెట్టి, చేతులు కట్టుకుని యెస్, నో అని చెప్పి పంపిస్తారు. నేను వెళ్తే ముందు "మీదే ఊరు, ఎవరి తాలూకు" అవుతుంది, పావుగంటలో నయీంనగర్‌లోనో కాజీపేటలోనో ఇద్దరికీ తెలిసిన మనిషి ఒకరు తేలుతారు, నాకు ప్రాణం లేచొస్తుంది, కారప్పూస ప్లేటు వస్తుంది. ఆ తర్వాత ఆ ప్రశ్న అడిగానంటే అయిపోయింది. ఆమె అడిగితే పద్ధతి, నేనడిగితే ఇంటి పరువు. ఈ ముచ్చట ఎక్కడికి పోతుందో, ఏ వాట్సాప్ గ్రూపులో తేలుతుందో అని వాళ్ళ టెన్షన్. దానికి తోడు 2011లో నార్వేలో అక్కడి శిశు సంక్షేమ అధికారులు ఒక బెంగాలీ కుటుంబం దగ్గరి నుంచి ఇద్దరు పిల్లల్ని తీసుకుపోయిన సంగతి మనోళ్ళు ఇంకా మరిచిపోలేదు. ఇంటికి వచ్చి పిల్లల గురించి అడిగేవాళ్ళు ఎవరైనా పిల్లల్ని ఎత్తుకుపోవడానికే వచ్చారనుకుంటారు.

మరి ఆ ప్రశ్న వదిలేయొచ్చు కదా అంటే, వదిలేస్తే మిగతా పనంతా వృథా కావొచ్చు. 1970ల చివర్లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరా అనే చిన్న ఊళ్ళో డేవిడ్ ఓల్డ్స్ అనే ఆయన మొదటిసారి తల్లులవుతున్న 400 మందిని తీసుకుని, కొందరి ఇళ్ళకు కడుపుతో ఉన్నప్పటి నుంచి బిడ్డకు రెండేళ్ళు వచ్చేదాకా నర్సులను పంపించాడు. పదిహేనేళ్ళు గడిచాక చూస్తే, ఆ ఇళ్ళలో పిల్లల్ని కొట్టడం, పట్టించుకోకపోవడం అని రికార్డుకెక్కిన కేసులు మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగమే. అయితే 2000లో వాళ్ళే ఇంకోటి బయటపెట్టారు. ఆలుమగల మధ్య కొట్లాట ఎక్కువగా ఉన్న ఇళ్ళలో నర్సు ఎన్నిసార్లు వెళ్ళినా ఆ తేడా రాలేదు. అందుకే అల్లుడు లేనప్పుడు అడిగేది. ఇదంతా ఆ పెద్దమ్మకు చెప్పాలనుకున్నాను, నోరు పెగల్లేదు. ఇలాంటి పథకాన్నే 2007లో ఇంగ్లండ్‌కు తెచ్చి చిన్న వయసు తల్లుల మీద పరీక్షిస్తే బిడ్డకు రెండేళ్ళు వచ్చేసరికి పెద్ద తేడా ఏమీ కనబడలేదు, అదీ చెప్పాలి.

ఏడుపు సంగతి ఇంకో తగువు. పసిపిల్లల ఏడుపు ఆరో వారం అటూ ఇటూగా తారాస్థాయికి పోతుంది. ఎత్తుకున్నా ఆగదు, పాలిచ్చినా ఆగదు. ఆ టైంలో విసుగొచ్చి ఎవరైనా పట్టుకుని ఊపేశారంటే పసి మెదడులో రక్తం కారుతుంది, చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే తండ్రులకు చెబుతాం, కోపం మీదికొస్తే బిడ్డను తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టి కాసేపు పక్క గదిలోకి వెళ్ళు, నువ్వు చల్లబడ్డాక రా అని. "ఏడ్చే పసిగుడ్డును ఇడిసిపెట్టి పొమ్మంటవా?" అని ఎన్ని ఇళ్ళలో తిట్లు తిన్నానో. మన దగ్గర ఒకరి చెయ్యి నొస్తే ఇంకొకరు ఎత్తుకుంటారు, నిజమే. ఇక్కడ రాత్రి మూడింటికి ఆ ఇంకొకరు ఎవరు? పెద్దమ్మ ఉన్నన్నాళ్ళు నా అవసరం లేదేమో. కానీ విజిటర్ వీసా ఆరు నెలలే. మా లెక్క చూస్తే ఎనిమిదో వారం తర్వాత మళ్ళీ ఏడాది దగ్గర పడ్డాకే వెళ్ళేది. అమ్మమ్మ విమానమెక్కేది ఆ మధ్యలోనే! ఎవరు కూచుని వేశారో ఈ లెక్క. పైగా 2015 నుంచి హెల్త్ విజిటర్లు బాగా తగ్గిపోయారు, ఉన్నవాళ్ళం పరుగులే.

ఇక్కడివాళ్ళు "మీ దేశంలో ఇలాంటివి ఉండవు కదా" అన్నప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. మా ఊళ్ళో ఆశా కార్యకర్త మొదటి 42 రోజుల్లోనే ఆరు సార్లు వస్తుంది. ఈ పద్ధతి పుట్టింది కూడా ఎక్కడో కాదు, కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే వచ్చే గడ్చిరోలి జిల్లాలో. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1990లలో ఊరి ఆడవాళ్ళకే నేర్పించి ఇంటింటికీ పంపితే పసికందుల చావులు సగానికి పైగా తగ్గాయి. 2011లో దేశమంతా పెట్టారు. ఇది చెబితే మా ఇంగ్లిష్ ఆవిడ నోరు తెరిచింది.

చెప్పాను గానీ, మా అక్క గుర్తొచ్చింది. వరంగల్ సీకేఎం సర్కారు దవాఖానలో కాన్పయి ఇంటికొచ్చిన రోజులు. ఇంటినిండా మనుషులు, కారం దగ్గర్నుంచి సాంబ్రాణి దాకా అన్నీ వేళకు. అక్క వెనక మెట్ల మీద కూచుని ఏడ్చేది. "పచ్చి బాలింతవు, ఏడవకు, పాలు ఎండుతయ్" అన్నారు అందరూ. ఎందుకేడుస్తున్నవే అని ఒక్కరూ అడగలేదు.

పరకాల దగ్గర మా చిన్నమ్మ కూతురు ఆశానే. మొన్న ఫోన్లో ఇదంతా చెప్పుకుని, నువ్వయితే అడుగుతావా అన్నాను.

"మా కాగితంల గా ప్రశ్న లేనే లేదక్కా. ఉన్నా అడుగ. తెల్లారితే వాళ్ళత్త నల్లా కాడ ఎదురైతది నాకు. చూస్త. కాటా పెట్టేటప్పుడు తల్లి మొఖం చూస్త, చేతులు చూస్త. అనుమానమొస్తే, పిల్ల బరువు ఒకపాలి డాక్టరమ్మకు చూపిద్దాం అని సబ్ సెంటర్‌కు తోల్కపోత. అద్దగంట నడక. దారిల తల్లే చెప్తది."

ఆ సాకు నాకు పూర్తిగా మింగుడు పడలేదు గానీ, ఇప్పుడు మన ఇళ్ళలో అమ్మమ్మలు, నానమ్మలు ఉంటే ఆ ప్రశ్న అక్కడ అడగడం లేదు. గురువారం మా తూకం క్లినిక్‌కు పిల్లనెత్తుకుని ఒక్కదానివే రా అంటున్నాను. గడి ఖాళీగా ఉంచొద్దని మేనేజర్ అంది. అందుకని రాస్తున్నాను: "ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నారు, అడగలేదు, క్లినిక్‌లో అడుగుతాను."