గుర్రపు తెలుగు

మా అత్తమ్మ ఇంటి ముందు మూడు రాతి మెట్లున్నాయి. మేము మహబూబ్‌నగర్ చేరిన రెండో రోజు పొద్దున ఆమె గుడి నుంచి వచ్చి, మోకాళ్లు సహకరించక మొదటి మెట్టు దగ్గరే నిలబడిపోయింది. నేను లేచేలోపే మా అమ్మాయి వెళ్లి ఆమె భుజానికి అరచేయి ఆనించి, "నిదానం తల్లీ. ముందు ఎడమ. కాలెత్తు... అదీ! శభాష్. ఇంకొకటి" అంది. అత్తమ్మ చెప్పినట్టే కాలెత్తింది. మూడు మెట్లూ ఎక్కాక అమ్మాయి ఆమె వీపు మీద రెండుసార్లు మెల్లగా తట్టింది.

"పిల్లకు తెలుగు రాదని ఇన్నేళ్లూ ఫోనులో బాధపడ్డావు కదయ్యా, ఇంత చక్కగా మాట్లాడుతుంటే!" అంది అత్తమ్మ.

నేనైతే నోరు మూసుకుని ఉండేవాణ్ణి. మా అబ్బాయి ఊరుకోలేదు. "అమ్మమ్మా, అవి గుర్రం మాటలు" అన్నాడు.

అత్తమ్మకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. కూతురు పోయాక ఆమె నవ్వడం నేను చూడలేదు.

నా భార్య పోయి ఏడాది. సంవత్సరీకం ఆమె పుట్టిన ఊళ్లో పెడదామని పిల్లలిద్దరితో వచ్చాను. జబ్బు గురించి ఎక్కువ రాయను. క్యాన్సర్, ఒకసారి తగ్గి మళ్లీ వచ్చింది. మందు ఎక్కించిన మొదటి రోజు ఆమె అన్న మాట మాత్రం చెప్పాలి. 2018లో మా ఊరి మహావృక్షం పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే, సెలైన్ సీసాలు వేలాడదీసి మానులోకి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. ఆ ఫోటో పత్రికలో చూసి ఇద్దరం తెల్లబోయాం. ఇప్పుడు తన తల మీద వేలాడుతున్న సీసాను చూసి, "ఏడు వందల ఏళ్ల మర్రి అంటారు, దానికే తప్పలేదు. నేనెంత" అంది. ఎందుకు నవ్వుతున్నామో నర్సుకు చెప్పాలని చూశాను గాని, పాలమూరు నుంచి మొదలుపెట్టాలి కదా, వదిలేశాను.

ఆమెకు గుర్రాల పిచ్చి ఎక్కడిదని అక్కడి తెలుగువాళ్లు తరచూ అడిగేవారు. అమెరికా వెళ్లాక అంటుకున్న సరదా అనుకునేవారు. కాదు, అది ఈ వీధిదే. రైల్వే స్టేషనుకు వెళ్లే దారిలో, వీళ్ల ఇంటికి నాలుగిళ్ల అవతల, ఒక జట్కా ఆయన ఉండేవాడట. వీధి మొత్తానికి ఆయన చాచా. అప్పటికే ఆటోలు వచ్చి బేరాలు పడిపోయాయి. రైలు వేళకు వెళ్లడం, చాలాసార్లు ఖాళీ బండితో తిరిగి రావడం. ఈమె వంటింట్లో డబ్బాలోంచి ఉలవలు దొంగిలించి, గౌను జేబులో పోసుకుని గుర్రానికి పెట్టేది. ఉలవలు ఎలా తరిగిపోతున్నాయో తెలియక అత్తమ్మ చాలాకాలం ఎలుకల బోను పెట్టిందట. దొంగ దొరికాక కూడా పెద్దగా తిట్టలేదని ఇప్పుడు చెబుతోంది. నా భార్య చెప్పిన కథలో మాత్రం చీపురు కట్ట ఉంది.

చాచా నేర్పిన పాఠాలు మూడే. వెనక నుంచి వెళ్లకు, దానికి కనిపించదు. ఎడమ పక్క నుంచి వెళ్లు. మాట్లాడుతూ వెళ్లు. ఏం మాట్లాడినా పరవాలేదు, గొంతు వినిపిస్తూ ఉండాలి. ఒకనాడు ఆయన గుర్రాన్ని అమ్మేశాడు. ఏడుస్తున్న పిల్ల చేతిలో దాని కాలి లాడం, అరిగిన నాడా ఒకటి పెట్టాడు. దాన్ని గడపకు కొట్టించింది అత్తమ్మే. ఇంటికి మంచిదని.

పాలమూరు పేరు చెబితే ఎవరికైనా వలస గుర్తుకొస్తుంది. తట్ట, పార పట్టుకుని ప్రాజెక్టుల మీదికి వెళ్లినవాళ్లు, బొంబాయి బస్సెక్కినవాళ్లు. మాది విమానమెక్కిన వలస, అంతే తేడా. పెళ్లైన ఏడాదికి, 2006లో, నా ఉద్యోగం కెంటకీలోని లెక్సింగ్టన్‌లో పడింది. ఊరు దాటితే పచ్చిక మైదానాలు, పలకల కంచెలు, కంచెల వెనక గుర్రాలు. ఆ నేల కింద సున్నపురాయి ఉంటుందని, అందుకే ఆ గడ్డి తిన్న గుర్రాల ఎముకలు గట్టిపడతాయని అక్కడివాళ్ల నమ్మకం. "మా ఊళ్లోనూ కింద బండే. పైన గడ్డే మరిచిపోయాడు దేవుడు" అంది ఆమె కారు అద్దం దించి. ఊరు నచ్చిందా అని అప్పటిదాకా అడగడానికే భయపడుతున్న నేను, ఇక అడగలేదు.

అప్పట్లో డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. పొద్దంతా ఇంట్లో గోడలు చూస్తూ కూర్చునే బదులు, దగ్గర్లోని ఒక గుర్రాల సాలలో జీతం లేని పనికి కుదిరింది. బీఎస్సీ చదివిన కోడలు లద్ది ఎత్తిపోస్తోందని మా అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. కొన్నేళ్లకు, మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు, పందేల నుంచి విరమించుకున్న ఒక ఆడగుర్రాన్ని తెచ్చుకుంది. కాగితాల్లో దానికి బారెడు ఇంగ్లిషు పేరు. ఈమె లచ్చి అంది. మా ఊళ్లలో ఇంటికొక బర్రెకు ఉండే పేరు.

గుర్రాల పుట్టినరోజుల సంగతి తెలిసి పగలబడి నవ్వింది. పందెపు గుర్రాలన్నిటికీ అక్కడ జనవరి 1నే ఏడాది నిండినట్టు లెక్క, ఏ నెలలో పుట్టినా సరే. మన బళ్లలో పంతులు గారు పిల్లలందరికీ జూన్ ఒకటో, జూలై ఒకటో వేసేసేవారు కదా. ఆమెకు జూన్ 1 వేశారు. నిజంగా పుట్టింది పీర్ల పండుగ వెళ్లిన మూడో నాడు. "మా పంతులు ఇక్కడికీ వచ్చాడు" అని లచ్చి చెవిలో చెప్పింది.

నా సంగతీ చెప్పుకోవాలి, లేకపోతే నేనేదో మొదటి నుంచీ మెచ్చుకున్నవాడిలా ఉంటుంది. నాకు ఆ గుర్రం నచ్చలేదు. సాల అద్దె, గడ్డి, ఆరేడు వారాలకొకసారి గిట్టలు చెక్కి లాడాలు కొట్టేవాడి కూలి — అన్నీ రూపాయల్లోకి మార్చి లెక్కేసేవాణ్ణి. ఆ అలవాటు మా తరంలో ఎవరికి పోయింది గనుక! ఆ డబ్బుతో పిల్లలను రెండేళ్లకొకసారి కాకుండా ఏటా ఇండియా తీసుకెళ్లవచ్చు, తెలుగు వస్తుంది, అనేవాణ్ణి. తెలుగు నా బాధ్యత అనుకున్నాను. ఆదివారం పది గంటలకు మా భోజనాల బల్ల దగ్గర బడి. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు. ఋ అంటే ఋషి దగ్గరికి వచ్చేసరికి అమ్మాయికి కడుపునొప్పి వచ్చేది, అబ్బాయికి దాహం వేసేది. గుణింతాల్లో నేను గొంతు పెంచేవాణ్ణి. పదకొండుకు ఇద్దరూ బూట్లు వేసుకుని తల్లి వెనక సాలకు పరుగు.

అక్కడ ఆమె ఏమీ నేర్పలేదు. లచ్చితో మాట్లాడేది, అంతే. చాచా చెప్పినట్టు గొంతు ఆపకుండా. నిలు. జరుగు. వెనక్కి. తల దించు. కాలెత్తు, కాలెత్తవే మొండిదానా. ఎక్కడమ్మా నొప్పి, చూపించు. గుర్రాన్ని ఎక్కేది ఎడమ పక్క నుంచే కాబట్టి మా పిల్లలకు ఎడమ అంటే ఎక్కే పక్క, కుడి అంటే మిగిలింది. గుర్రం ఎత్తును అక్కడ చేతుల్లో కొలుస్తారు, ఒక చేయి నాలుగు అంగుళాలు. లచ్చి భుజాల దగ్గర పదిహేను చేతులు, అంటే అయిదడుగులు. నా భార్యా అంతే. కళ్లెం, జీను, జూలు, గిట్ట, రికాబు, దౌడు — వరస మాటల కంటే ముందు మా పిల్లలకు ఇవి వచ్చాయి. మేనత్తను పిన్ని అంటారు గాని, జీను పట్టీ ఒక రంధ్రం వదులుగా ఉందని తప్పు లేకుండా చెబుతారు.

ఇది నాకు ఓటమిలాగే ఉండేది. గుర్రంతో మాట్లాడే తెలుగు ఏం తెలుగు? దాంతో పద్యం చదవగలరా, ఉత్తరం రాయగలరా?

బతుకమ్మకు అక్కడ తంగేడు దొరకదు. ఆ రోజులకే గోల్డెన్‌రాడ్ అనే పసుపు పువ్వు చేలగట్ల వెంట విరగబూస్తుంది. కెంటకీ రాష్ట్ర పుష్పం కూడా అదే. దాన్నే తంగేడు చేసుకుని, బంతులు, గుమ్మడి పువ్వు కలిపి పేర్చేది. ఒక ఏడాది బతుకమ్మను చూపించాలని లచ్చి దగ్గరికి తీసుకెళ్లింది. అది శిఖరం మీది గుమ్మడి పువ్వును ఒడుపుగా అందుకుని నమిలేసింది, పసుపు గౌరమ్మతో సహా. మూతి నిండా పసుపు. నేను అపచారమన్నాను. "గౌరమ్మకు అభ్యంతరం లేదు, మీకెందుకండీ" అంది.

ఒక రాత్రి గురించి చెప్పాలి. మొదటిసారి జబ్బు తగ్గిన ఏడాది, డిసెంబరు. సాల నుంచి ఫోను వచ్చింది, లచ్చికి కడుపు నొప్పి అని. మనిషికైతే అది చిన్న మాట. గుర్రం వాంతి చేసుకోలేదు. లోపల పట్టినది ఏదైనా వెనక దారినే పోవాలి, లేదా ప్రాణం పోవాలి. నొప్పికి పడి దొర్లితే ఒక్కోసారి పేగు మెలిపడుతుంది, పడిందంటే అంతే. డాక్టరు ఇంకో ఊళ్లో ఉన్నాడు, వచ్చేసరికి రెండు గంటలు. అందాకా దొర్లకుండా నడిపిస్తూ ఉండమన్నాడు. నలుగురం వెళ్లాం.

ఆమె పగ్గం పట్టుకుని నడిపించడం మొదలుపెట్టింది. గొంతు ఆపలేదు. అమ్మా లచ్చీ, నడువు తల్లీ, ఇంకొక్క చుట్టు. బతుకమ్మ పాటలన్నీ అయిపోయాయి. మందుల వల్ల ఆమె గొంతు అప్పటికే బలహీనంగా ఉండేది, రాత్రి రెండు గంటలకు పూర్తిగా పోయింది. పిల్లల వైపు తిరిగి గుసగుసగా, "మీరు మాట్లాడండి. దానికి ఇంగ్లిషు రాదు" అంది.

లచ్చి పుట్టింది కెంటకీలోనే. ఆ మాట ఎవరికీ తట్టలేదు.

అమ్మాయి పగ్గం అందుకుంది. తెలిసిన మాటలన్నీ పది నిమిషాల్లో అయిపోయాయి. అప్పుడు అబ్బాయి, పదేళ్లవాడు, చేతిలో టార్చిలైటుతో, చలికి వణుకుతూ మొదలుపెట్టాడు: అ అంటే అమ్మ. ఆ అంటే ఆవు. అక్క అందుకుంది. ఋ అంటే ఋషి దాటారు. గుణింతాలు. ఒకట్లు వంద దాకా. తినే వస్తువుల పేర్లు: జొన్న రొట్టె, సకినాలు, పచ్చి పులుసు. వారాలు, నెలలు. ఆదివారం బల్ల దగ్గర నా గొంతు చించుకున్నా గుర్తులేదన్నవన్నీ వరసగా వస్తున్నాయి, గుర్రం చెవులు వాటి వైపే తిరిగి ఉన్నాయి. నేను కంచెకు ఆనుకుని నిలబడి ఒక్క తప్పూ దిద్దలేదు.

డాక్టరు వచ్చి మందిచ్చి వెళ్లాడు. తెల్లవారుతుండగా లచ్చి తోక ఎత్తి లద్ది వేసింది. నలుగురం చప్పట్లు కొట్టాం. నా భార్య గొంతు రాక చేతులతోనే దాని ముఖం పట్టుకుని ఊపింది.

ఆమె అస్థికలు నిరుడే బీచుపల్లి దగ్గర కృష్ణలో కలిపాం. 2016 పుష్కరాలకు అందరం అక్కడే మునిగాం, పిల్లలు నీళ్లలోంచి బయటికి రానని పేచీ పెడితే, 2028లో మళ్లీ తీసుకొస్తానని మాటిచ్చింది. ఈసారి కూడా అక్కడికి వెళ్లి వచ్చాం. అబ్బాయి లెక్క వేసి, ఇంకా మూడేళ్లు అన్నాడు. నేను తల ఊపాను.

నిన్న సాయంత్రం అమ్మాయి పెట్టె అడుగు నుంచి గుడ్డలో చుట్టిన లచ్చి లాడం తీసింది. విమానాశ్రయంలో దాన్ని చూసి పెట్టె మొత్తం విప్పించారు. గడప దగ్గర చాచా గుర్రం నాడా పక్కన పెట్టి చూశాం. అది చిన్నది, కాగితంలా అరిగింది, ఎర్రమట్టి పట్టి గడపలో కలిసిపోయింది. ఇది దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంది.

"కొత్తదా?" అంది అత్తమ్మ అనుమానంగా. "కొత్తది పనికిరాదు."

అమ్మాయి మాట కోసం వెతుక్కుంది. "నడిచింది అమ్మమ్మా. చాలా నడిచింది."

రెండు కొనలూ పైకి ఉండేలా కొట్టాలని, లేకపోతే అదృష్టం కారిపోతుందని కెంటకీలో అంటారని నేను చెప్పబోయాను. "పడుకున్న గడపకు పైనేమిటి, కిందేమిటి" అని అత్తమ్మ కొట్టిపారేసింది. అబ్బాయి మోకాళ్ల మీద కూర్చుని మేకు నిలబెట్టి సుత్తి ఎత్తాడు. ఆమె వాడి వీపు మీద అరచేయి ఆనించి, "నిదానం తల్లీ, నిదానం" అంది.

"నేను గుర్రం కాదు అమ్మమ్మా" అన్నాడు వాడు, మేకు మీద నుంచి చూపు తిప్పకుండా.