6.1 దగ్గరే మొదలుపెట్టండి

"ఇంకా షుగర్ రాలేదులే" అంటూ ఆ రిపోర్టును మడిచి కవర్లో పెట్టేశారు ఇవాళ ఒకరు. హెచ్‌బీఏ1సీ 6.1. ఎర్ర రక్తకణాలకు అంటుకున్న చక్కెరను బట్టి గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చెప్పే రక్తపరీక్ష ఇది. అంకె పక్కన చిన్న నక్షత్రం గుర్తు.

దయచేసి అలా మడిచిపెట్టకండి. 5.7 నుంచి 6.4 దాకా అంటే షుగర్ గుమ్మంలో నిలబడి ఉన్నట్టు. 6.5కి చేరితే లోపలికొచ్చేసినట్టే.

అమెరికాలో ఇలాంటివాళ్ల మీదే పెద్ద అధ్యయనం చేసి 2002లో ఫలితాలు ఇచ్చారు. బరువు 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక, ఇవీ పెట్టిన లక్ష్యాలు. షుగర్ బారిన పడటం 58 శాతం తగ్గింది. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 31 శాతమే! 80 కిలోల మనిషికి 7 శాతమంటే దాదాపు ఐదున్నర కిలోలు, అంతే.

బెడిసికొట్టేది ఎక్కడంటే, మొదటిరోజే గంట నడిచేసి, తిండి సగానికి కోసేస్తారు. మోకాళ్లు పట్టేస్తాయి, మూడో వారానికి అన్నీ ఆగిపోతాయి. భోజనం కాగానే పది నిమిషాల నడకతో మొదలుపెట్టండి. రక్తంలోకి చేరే చక్కెరను కాళ్ల కండరాలే లాగేసుకుంటాయి.

మళ్లీ పరీక్ష మూడు నెలలకి. ఎర్ర రక్తకణాల ఆయుష్షు దాదాపు 120 రోజులు కాబట్టి, తొందరపడితే పాత లెక్కే కనిపిస్తుంది. ఐరన్ తక్కువున్నా ఈ అంకె ఎక్కువ చూపించవచ్చు, డాక్టరుకి ఆ మాట చెప్పండి.