చార్లీ ఫెదర్స్ రిథమ్ చేతికి ఎక్కించుకున్న వైనం

ఎల్విస్ ప్రెస్లీకి కంట్రీ (అమెరికా పల్లె సంగీతం) చార్టులో మొదటి నంబర్ వన్ తెచ్చిన పాటని స్టాన్ కెస్లర్ అనే సంగీతకారుడితో కలిసి రాసింది చార్లీ ఫెదర్స్ అనే గాయకుడని అమెరికాలోని మెంఫిస్‌కి ఉద్యోగం మీద వచ్చేదాకా నాకు తెలీదు. ఈయనది మిసిసిపీలో హోలీ స్ప్రింగ్స్ వైపు, 1932లో పుట్టారు, మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో దాని యజమాని శామ్ ఫిలిప్స్ ఈయన్ని కంట్రీ సింగర్‌గానే చూశాడు, రాకబిల్లీ, అంటే కంట్రీలో బ్లూస్ ఊపు కలిపిన తొలి రాక్ అండ్ రోల్, పాడాలంటే బయటికెళ్ళాల్సొచ్చింది, 1956లో ముందు మీటియర్ అనే రికార్డ్ కంపెనీకి తర్వాత కింగ్ కంపెనీకి రికార్డ్ చేశారు. ఆ 1956 పాటలు విన్నాక నేర్చుకోకుండా ఉండలేకపోయాను.

గిటార్ మీద కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) తేలికే, కష్టమంతా కుడిచేతిదే. తొలి రోజుల మెంఫిస్ రాకబిల్లీ బ్యాండ్లలో చాలావాటికి డ్రమ్మర్ ఉండేవాడు కాదు, పెద్ద బేస్ తీగల్ని లాగి చెక్కకి కొట్టే చప్పుడే తాళం, దాంతో గిటార్ అస్సలు తడబడకూడదు. అరచేతి అంచు బ్రిడ్జి (గిటార్ మీద తీగలు ఆనే పట్టీ) మీద ఆనించి లావు తీగల్ని సగం మూసి, బొటనవేలితో బేస్ నోట్లు మార్చి మార్చి కొడుతూ, చూపుడువేలితో సన్న తీగలు పలికించాలి. చేతులకి పర్లేదు గానీ పాడటం మొదలెట్టగానే బొటనవేలు ఆగిపోయేది, ఎందుకంటే చార్లీ అక్షరం మధ్యలో గొంతు విరిచి ఎక్కిళ్ళు వచ్చినట్టు పైకి ఎగరేస్తారు, అది సరిగ్గా బీట్ మీద పడదు.

దారి దొరికింది జూనియర్ కింబ్రో సంగీతంలో. చార్లీకి గిటార్ నేర్పింది ఈ నల్లజాతి బ్లూస్ గాయకుడేనని చార్లీయే చెప్పేవారు. కింబ్రో సంగీతం ఒకే కార్డ్ మీద నిమిషాల తరబడి నడుస్తుంది, గొంతు దాని మీద ఎటైనా పోతుంది. కొన్నాళ్ళు పాట పక్కన పెట్టేసి ఒక్క కార్డ్ మీదే కూర్చున్నాను, మాట్లాడుతూ వాయించాను, మా ఆవిడతో కూరల లిస్టు చెప్పుకుంటూ కూడా వాయించాను, అప్పుడు కుదిరింది.

ఆ పాత రికార్డుల్లో వినిపించే ఎకో (ప్రతిధ్వని) సంగతి త్వరగానే తేలింది. అప్పట్లో రెండో టేప్ మెషిన్‌లో రికార్డ్ హెడ్‌కీ ప్లేబ్యాక్ హెడ్‌కీ మధ్య దూరమే ఆ ఎకో. మనకి డిలే పెడల్ (శబ్దాన్ని కాస్త ఆలస్యంగా మళ్ళీ వినిపించే పెట్టె)లో 130 మిల్లీసెకన్ల దగ్గర, ఒక్కటే రిపీట్, మిక్స్ (ఎకో పాలు) సగం కంటే తక్కువ పెడితే చాలు.

ఆయనకి దేశం మొత్తం ఊగిన హిట్ ఒక్కటీ రాలేదు, అందుకే అవకాశం జారిపోయిన మనిషి అని రాస్తుంటారు, నాకు ఆ మాట నచ్చదు. 1977లో లండన్ రెయిన్‌బో థియేటర్లో జనం ఆయన కోసం వచ్చారు, 1991లో ఎలెక్ట్రా రికార్డ్ కంపెనీ ఆయన ఆల్బం తెచ్చింది, 1998లో పోయేదాకా తన పద్ధతిలోనే పాడారు. మొన్న ఇక్కడ ఓపెన్ మైక్‌లో పాట మొత్తం పాడాను, బొటనవేలు ఆగలేదు. ఇప్పుడు ఆయన నెమ్మది పాటలు పట్టుకున్నాను, అవి ఇంకా కష్టం, గొంతు విరిచే చోట దాక్కోడానికి స్పీడ్ ఉండదు.