వడ్రంగం టీచరుకూ లెక్కల టీచరుకూ ఒకే జీతం

ఒహాయోలో నేను పనిచేసే హైస్కూలు జీతాల పట్టిక చూసేది రెండే విషయాలు: ఎంత చదివారు, ఎన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నారు. ఏ సబ్జెక్టు చెబుతారన్న ప్రస్తావన అందులో లేదు. కాల్క్యులస్ చెప్పే నాకూ, చెక్కపని నేర్పే సహోద్యోగికీ, వంట, కుట్టుపని నేర్పే ఆవిడకూ చదువు, అనుభవం సమానమైతే జీతమూ సమానమే. మా ఊరి జిల్లా పరిషత్ బడిలో పదో తరగతి రాగానే డ్రిల్లు పీరియడు, డ్రాయింగు పీరియడు లెక్కల మాస్టారి చేతిలోకి వెళ్లిపోయేవి. డ్రిల్లు మాస్టారిని ఎవరూ అడిగేవారు కాదు. అలాంటి చోట చదువుకుని వచ్చిన నాకు ఈ పట్టికను అర్థం చేసుకోవడానికి సమయం పట్టింది.

దీని వెనుక పెద్ద కథే ఉంది. ఒకప్పుడు ఇక్కడ కూడా హైస్కూలు టీచరుకు ఎక్కువ, ప్రాథమిక పాఠశాల టీచరుకు తక్కువ ఇచ్చేవారు. మగవాళ్లకు ఒక జీతం, ఆడవాళ్లకు మరొకటి. 1921లో డెన్వర్, డిమోయిన్ నగరాలు అందరికీ ఒకే పట్టిక పెట్టాయి. 1950 నాటికి దేశంలో దాదాపు అన్ని బడులూ ఆ దారికి వచ్చాయి. ఈనాటి మా పట్టిక ఆ కాలం నుంచి అందినదే.

మా లైబ్రరీలో 1950లు, 60ల నాటి ఇయర్‌బుక్కులు, అంటే బడి ఏటా వేసే ఫొటోల పుస్తకాలు, వరుసగా ఉన్నాయి. మధ్యాహ్నం ఖాళీ దొరికితే వాటిని తిరగేస్తుంటాను. ముందు ప్రిన్సిపాల్ ఫొటో, తర్వాత ఒక్కో విభాగం టీచర్లు. ఇంగ్లీషు, సోషల్ స్టడీస్, గణితం, సైన్సు, లాటిన్, కామర్స్, హోమ్ ఎకనామిక్స్ (వంట, కుట్టుపని), ఇండస్ట్రియల్ ఆర్ట్స్ (చెక్కపని లాంటివి), వ్యవసాయం, బ్యాండు, వ్యాయామం. చిన్న ఊరు కాబట్టి కొన్ని విభాగాలకు ఒక్కరే టీచరు. అయినా ఆ ఒక్కరికీ శీర్షిక పెట్టి చోటు కేటాయించారు.

నేను ఎక్కువసేపు చూసేది కామర్స్ విభాగం పేజీ. వరుసగా టైపు మిషన్లు, నల్లబల్ల మీద గ్రెగ్ షార్ట్‌హ్యాండ్ గీతలు, పక్కన ఖాతా పుస్తకాలు. మన ఊళ్లలో టైపు నేర్చుకోవాలంటే బడి అయ్యాక ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి, ఫీజు కట్టి, లోయరు, హయ్యరు పరీక్షలు రాయాల్సిందే. ఆ ఇన్‌స్టిట్యూట్ నడిపే ఆయనను బడి మాస్టార్లతో సమానంగా చూసినవాళ్లను నేను ఎరగను. ఇక్కడ అదే విద్య బడి లోపల, పైసా ఖర్చు లేకుండా, డిగ్రీ చదివిన టీచరు చేతుల మీదుగా అందింది. వ్యవసాయ విభాగానికైతే 1917 నాటి స్మిత్-హ్యూస్ చట్టం వల్ల కేంద్ర ప్రభుత్వ డబ్బు కూడా వచ్చేది. ఆ పేజీలో రైతుల పిల్లలు ఎఫ్‌ఎఫ్‌ఏ అనే వ్యవసాయ విద్యార్థుల సంఘం వాళ్ల నీలం కార్డురాయ్ జాకెట్లు వేసుకుని నిలబడ్డారు. ఆ జాకెట్టు పుట్టింది మా రాష్ట్రంలోని ఫ్రెడరిక్‌టౌన్‌లోనే, 1933లో.

అదే పేజీల్లో మనసును కష్టపెట్టేవీ ఉన్నాయి. చెక్కపని గదిలో ఒక్క ఆడపిల్ల లేదు, కుట్టుపని గదిలో ఒక్క మగపిల్లాడు లేడు. షార్ట్‌హ్యాండ్ నేర్చిన అమ్మాయిల్లో ఎవరికైనా భౌతికశాస్త్రం మీద మనసు పోయి ఉంటే దారి ఎవరు చూపారు? ఏ పేజీ తిప్పినా అన్నీ తెల్లవాళ్ల ముఖాలే. వాషింగ్టన్‌లో నల్లజాతి పిల్లలకోసం నడిచిన డన్‌బార్ హైస్కూలులో పీహెచ్‌డీలు ఉన్న టీచర్లు పనిచేశారు. 1921లో ఆ పట్టా అందుకున్న తొలి ముగ్గురు నల్లజాతి మహిళల్లో ఒకరైన ఈవా డైక్స్ అక్కడ పాఠాలు చెప్పారు. విశ్వవిద్యాలయాల తలుపులు చాలావరకు మూసి ఉండటం వల్ల అంతటి పండితులు హైస్కూలులో ఉన్నారు. 1954లో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ వేరువేరు బడులు చెల్లవని సుప్రీంకోర్టు బ్రౌన్ తీర్పు ఇచ్చాక పిల్లలను ఒకే బడిలో చేర్చే పేరుతో దక్షిణాదిలో నల్లజాతి బడులను మూసేశారు. వేలమంది నల్లజాతి టీచర్లు ఉద్యోగాలు కోల్పోయారు. జీతాల పట్టికలో సమానత్వం రాసుకున్న దేశమే వాళ్లకు అందులో చోటు లేకుండా చేసింది. బయటి నుంచి వచ్చి ఇదే వృత్తిలో బతుకుతున్న నేను ఈ సంగతి మరిచిపోకూడదనుకుంటాను.

విభాగాల మధ్య ఎక్కువ తక్కువలు ఇంకో దారిలోనూ వచ్చాయి. 1957 అక్టోబర్ 4న సోవియట్ వాళ్లు తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌ను అంతరిక్షంలోకి పంపారు. మరుసటి ఏడాది సెప్టెంబర్ 2న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ జాతీయ రక్షణ విద్యా చట్టం మీద సంతకం చేశారు. బడులకు పరికరాల డబ్బు ప్రవహించింది, అయితే సైన్సు, లెక్కలు, ఆధునిక విదేశీ భాషలకు మాత్రమే. ఇంగ్లీషు, చరిత్ర ఆ జాబితాలోకి రావడానికి 1964 దాకా ఆగాల్సి వచ్చింది. 1960 తర్వాతి ఇయర్‌బుక్కుల్లో కొత్త ప్రయోగశాలల ఫొటోలు, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని స్పానిష్ వల్లెవేసే పిల్లలు కనిపిస్తారు. లాటిన్ టీచరు ఫొటో చిన్నదైపోయింది.

ఆ చట్టం మేలు చేయలేదని అనను. విశ్వవిద్యాలయాల్లో విదేశీ భాషా కేంద్రాలకు ఊతమిచ్చిందీ అదే. విస్కాన్సిన్‌లో దక్షిణాసియా భాషల చదువుకు ఆ దన్ను దొరికింది, అక్కడే వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాలపాటు తెలుగు చెప్పారు. కానీ దేశ రక్షణకు పనికొచ్చే చదువు, పనికిరాని చదువు అన్న గీత హైస్కూలు వరండాల్లో అప్పుడు గట్టిగా పడింది. హార్వర్డ్ మాజీ అధ్యక్షుడు జేమ్స్ కోనంట్ 1959లో ఇచ్చిన నివేదికలో, పిల్లలు సగటున వారానికో వ్యాసం రాయాలనీ, వాటిని దిద్దాలంటే ఇంగ్లీషు టీచరుకు 100 మందికి మించి పిల్లలు ఉండకూడదనీ చెప్పారు. లెక్కల గదులకు పరికరాలు వచ్చాయి. ఇంగ్లీషు టీచర్లు ఆ 100 కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. మా బడిలో వాళ్లు శనివారాలు కూడా వ్యాసాలు దిద్దుతుంటారు.

ఒహాయోలో బడి ఖర్చుకు ఇంటి పన్ను పెంచాలంటే ఊరివాళ్ల ఓటు కావాలి. ఓటు వీగిపోతే ముందు కత్తెర పడేది చెక్కపనికి, వంటకు, బ్యాండుకు. రాష్ట్ర పరీక్షలు ఉన్న సబ్జెక్టు కాబట్టి నా ఉద్యోగానికి ఢోకా ఉండదు. వీసా మీద వచ్చిన తొలి రోజుల్లో, ఇక్కడి పిల్లలతో ఎలా మాట్లాడాలో, క్లాసును ఎలా అదుపులో పెట్టాలో నాకు ఓపికగా నేర్పింది నా విభాగం వాళ్లు కాదు, వరండా చివర చెక్కపని చెప్పే ఆయన. భిన్నాలు అర్థంకాని పిల్లలను ఆయన గదికి తీసుకెళ్లి టేపుతో కొలిపించేదాన్ని. అంగుళంలో పదహారో వంతు తప్పితే బల్ల కాలు ఊగుతుందని వాళ్లకు అక్కడ తెలిసేది.

ఈసారి ఓటు వీగిపోయింది. బోర్డు సమావేశంలో మాట్లాడదలచినవాళ్లకు మూడేసి నిమిషాలు ఇస్తారు. నా పేరు రాయించాను, ఆ గది మూయవద్దని అడగడానికి.