తోడల్లుళ్ళకు గీత: ఫుట్‌బాల్ వంశవృక్షాల పని ఎంతవరకు వచ్చింది

పర్లాకిమిడి, శ్రావణ మాసం.

ఉగాదినాడు మొదలుపెట్టిన పని ఇప్పటికి నలభై ఒక్క కుటుంబాల దాకా వచ్చింది. ఒకే ఇంటినుంచి కనీసం ఇద్దరు వృత్తి ఫుట్‌బాల్ ఆడి ఉంటే, ఆ ఇంటికి ఒక ఎ3 కాగితం కేటాయించి వంశవృక్షం గీస్తున్నాను. ఒక్కొక్క ఆటగాడి క్లబ్బులు, ఆడిన ఏళ్ళు, జాతీయ జట్టు వివరాలు వేరే అట్టముక్క మీద రాసి చెప్పుల పెట్టెలో వరుసగా అమర్చుతున్నాను.

మొదటి మూడు నెలలు ఇంటిపేరును పట్టుకుని వెళ్ళాను. అది తేలిక దారి. ఇటలీకి చెందిన మాల్దీనీల కాగితం ఒక్క సాయంత్రంలో పూర్తయింది: 1963లో మిలాన్ నాయకుడిగా యూరోపియన్ కప్పు అందుకున్నది చేజరె, సరిగ్గా నలభై ఏళ్ళకు 2003లో అదే క్లబ్బుకు నాయకుడిగా అదే కప్పు అందుకున్నది అతని కొడుకు పావొలో, 2020లో మిలాన్ తరఫున తొలి మ్యాచ్ ఆడినది మనుమడు డానియెల్. ఐస్‌లాండ్‌కు చెందిన ఆర్నోర్, ఐదుర్ గుడ్యోన్‌సెన్‌ల కాగితం మీద ఒక తేదీ మాత్రం ఎర్రసిరాతో రాశాను. 1996 ఏప్రిల్ 24న టాలిన్‌లో ఎస్టోనియాతో ఆడుతుండగా తండ్రి మైదానం వీడి బయటికి రాగా, అతని స్థానంలో పదిహేడేళ్ళ కొడుకు లోపలికి వెళ్ళాడు.

చిక్కు లాంపార్డుల దగ్గర వచ్చింది. ఇంగ్లండు ఆటగాడు ఫ్రాంక్ లాంపార్డుకు జేమీ రెడ్‌నాప్ కజిన్ అని రాసుకున్న అట్టముక్కను మా ఆవిడ చూసి, "కజిన్ అంటే ఏ వరసండీ? మేనత్త కొడుకా, పిన్ని కొడుకా?" అని అడిగింది. వెతికితే ఇద్దరి తల్లులు, అనగా పాట్, సాండ్రా, కవల అక్కచెల్లెళ్ళని తేలింది. అంటే మన లెక్కలో ఆ ఇద్దరు ఆటగాళ్ళు అన్నదమ్ములే అవుతారు. వారి తండ్రులు పెద్ద ఫ్రాంక్ లాంపార్డ్, హ్యారీ రెడ్‌నాప్ తోడల్లుళ్ళు. ఆ తోడల్లుళ్ళిద్దరూ వెస్ట్‌హామ్‌కు ఆడినవారే. తరువాత హ్యారీ అదే క్లబ్బుకు మేనేజరుగా ఉన్నప్పుడు పెద్ద లాంపార్డ్ అతని సహాయకుడిగా పనిచేశాడు. ఇంగ్లీషు పుస్తకాలు ఈ బంధాన్ని చెప్పడానికి ఒక వాక్యమంతా ఖర్చుపెడితే, మనకు ఒక్క మాట సరిపోతుంది. ఎదురింటి ఒడియా మాస్టారు తమ భాషలోనూ ఈ వరసకు వేరే మాట ఉందని గర్వంగా చెప్పారు.

దానితో పాత కాగితాలన్నీ మళ్ళీ తీయవలసి వచ్చింది. ఇప్పుడు తండ్రి వైపు నల్లగీత, తల్లి వైపు ఎర్రగీత, పెళ్ళికి జంటగీత. తల్లులు వేరైన అన్నదమ్ములకు చుక్కలగీత. జెరోమ్, కెవిన్ ప్రిన్స్ బోటెంగ్‌ల కోసమే దానిని పెట్టాను. 2010 ప్రపంచ కప్పులో జెరోమ్ జర్మనీకి, కెవిన్ ఘనాకు ఆడుతూ ఎదురుపడ్డారు.

ఎర్రగీత గీసిన తరువాత బయటపడిన సంగతులు నన్ను ఆశ్చర్యపరిచాయి. 1966లో ప్రపంచ కప్పు గెలిచిన బాబీ, జాక్ చార్ల్‌టన్ల ఆటంతా మేనమామల ఇంటి నుంచి వచ్చినదే. తల్లి సిస్సీ అన్నదమ్ములు నలుగురు మిల్‌బర్న్‌లు వృత్తి ఆటగాళ్ళు. మెక్సికో ఆటగాడు చిచారితో 2010 ప్రపంచ కప్పులో ఫ్రాన్సు మీద గోలు చేస్తే, 1954లో అదే ఫ్రాన్సు మీద గోలు చేసిన తొమాస్ బాల్కజార్ అతని తల్లికి తండ్రి. గోలు చేసినప్పుడు తాతకూ మనుమడికీ ఇరవై రెండేళ్ళే. ఉరుగ్వేలో దియేగో ఫోర్లాన్ తండ్రి పాబ్లో 1967లో కోపా అమెరికా గెలిచిన జట్టులో ఉండగా, ఆ జట్టుకు శిక్షకుడు పాబ్లో మామగారైన కొరాజో. దియేగో 2011లో గెలిచాడు. ఇంటిపేరు మీదనే ఆధారపడి ఉంటే కొరాజో నా కాగితం మీదికి వచ్చేవాడే కాదు.

ఒక హెచ్చరిక: జెల్ పెన్ను వాడకండి. ఆషాఢంలో కిటికీ జల్లుకు నాలుగు కాగితాల సిరా కరిగి, నల్లగీతకూ ఎర్రగీతకూ తేడా లేకుండా పోయింది. ఇప్పుడు బాల్‌పెన్నుతోనే రాస్తున్నాను. పెళ్ళిగీతలు మాత్రం పెన్సిల్‌తో గీస్తున్నాను, ఎందుకంటే విడాకులు కూడా జరుగుతుంటాయి.

హైదరాబాదు కుటుంబాలు నా నియమాన్నే ప్రశ్నించాయి. 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించిన భారత జట్ల శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన కొడుకు షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. మహమ్మద్ హబీబ్, తమ్ముడు అక్బర్ కలకత్తా క్లబ్బుల్లో వెలిగినవారు. 1977లో పెలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున హబీబ్ గోలు చేశాడు. అయితే హకీం వాయుసేన ఉద్యోగి, ఆనాటి మన ఆటగాళ్ళలో చాలామందికి జీతం వచ్చేది ఉద్యోగం నుంచే. వృత్తి అన్న మాటకు కట్టుబడితే వీరిని వదలాలి, వదలడానికి మనసు ఒప్పదు. అందుకని నీలం ఫైలు ఒకటి విడిగా తెరిచాను.

వచ్చే వారం ఘనా ఆయూల వంతు. అబెదీ పెలే (అసలు పేరు అబెదీ ఆయూ), తమ్ముడు క్వామె, కొడుకులు ఇబ్రహీం, ఆంద్రె, జోర్డాన్ ఒక్క ఎ3లో పట్టడం లేదు కాబట్టి, రెండు కాగితాలను మైదా లైతో అతికించి, ఎండ కాసిన రోజు చూసి ఆరబెట్టాలి.